లిబ్రేఆఫీస్: విండోస్‌లో ఒకలా, మ్యాక్‌లో ఒకలా, ఉబుంటులో ఇంకోలా, ఆపైన తెలుగు

మీరడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. ఇంట్లో మూడు మిషన్లు: నాన్నగారిది విండోస్ 10 ల్యాప్‌టాప్, చెల్లెలిది ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్, మీది ఉబుంటు 22.04 ఉన్న పాత డెస్క్‌టాప్. నాన్నగారు రిటైరయ్యాక రాసుకుంటున్న వ్యాసాలు మూడింట్లోనూ ఒకేలా తెరుచుకోవాలి, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కొనే ఉద్దేశం లేదు కాబట్టి ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్. విండోస్‌లో ఎక్కింది గానీ మెనూలు తెలుగులో రాలేదు, మ్యాక్‌లో లాంగ్వేజ్ ప్యాక్ (మెనూల భాష మార్చే ఫైల్) తెరవనివ్వట్లేదు, ఉబుంటు కోసం డౌన్‌లోడ్ చేస్తే టార్ అనే మూట ఫైల్ వచ్చింది దాన్నేం చెయ్యాలో తెలీట్లేదు, వీటన్నిటికంటే పెద్ద చిరాకు ఏంటంటే స్టైల్‌లో (పేరాలన్నిటికీ ఒకేసారి ఫాంటూ సైజూ పెట్టే చోట) సైజు 14 పెట్టినా తెలుగు అక్షరం కదలట్లేదు. ఇంతేగా. చివరిదే అసలు సమస్యండి, మిగతా మూడూ అరగంట పని. అయినా వరసలోనే వెళ్దాం.

ముందు ఒక్క మాట. ఇన్‌స్టాల్ అనగానే అందరూ నెక్స్ట్ నెక్స్ట్ నొక్కడమే అనుకుంటారు గానీ, ఏ సిస్టమ్‌లోనైనా చూసుకోవాల్సింది ఫైల్ ఎక్కడి నుంచి వస్తోంది, వచ్చి ఎక్కడ కూర్చుంటోంది, రేపు అప్‌డేట్ ఎవరు చేస్తారు అనేవి. విండోస్, మ్యాక్ వాళ్ళకి అలవాటు ఏంటంటే తయారుచేసినవాళ్ళ సైటుకెళ్ళి ఫైల్ తెచ్చుకోవడం, అప్‌డేట్ కూడా మనమే చూసుకోవడం. ఉబుంటు పద్ధతి అది కాదు, అక్కడ ఉబుంటు వాళ్ళే సాఫ్ట్‌వేర్‌ని సర్ది రిపాజిటరీ అనే వాళ్ళ గోదాములో పెట్టి ఉంచుతారు, మనం పేరు చెప్తే చాలు అదే తెచ్చి పెడుతుంది, అప్‌డేట్లు కూడా సిస్టమ్‌తో పాటే వచ్చేస్తాయి. మీరు విండోస్ అలవాటుతో ఉబుంటు కోసం కూడా సైటుకెళ్ళారు, అందుకే ఆ టార్ ఫైల్ చేతికొచ్చింది. తప్పేం లేదు, దాన్ని డిలీట్ చేసెయ్యండి, కింద చెప్తా.

సైటు గురించి ఇంకో మాట, గూగుల్‌లో వెతికితే పైన యాడ్స్‌లో వేరే వేరే డౌన్‌లోడ్ సైట్లు వస్తుంటాయి, వాటి ఇన్‌స్టాలర్‌లో పక్కన ఇంకేవో చెత్త ప్రోగ్రాములు కూడా ఎక్కుతాయి. లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్ ఒక్కటే అసలుది, దాని వెనకున్నది ది డాక్యుమెంట్ ఫౌండేషన్. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ మ్యాక్ యాప్ స్టోర్‌లోనూ కూడా వాళ్ళే పెట్టారు కానీ అక్కడ కొంత రుసుము ఉంటుంది, ఆ డబ్బు ఫౌండేషన్‌కే పోతుంది కాబట్టి మోసం కాదు, సైటులో మాత్రం పూర్తిగా ఉచితం. పాత ఓపెన్ఆఫీస్ పెట్టుకోమని ఎవరైనా చెప్తే వద్దండి. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చిందే లిబ్రేఆఫీస్, ఓపెన్ఆఫీస్‌లో 4.1 వర్షన్ 2014లో వచ్చింది, ఇప్పటిదాకా దానికి చిన్న చిన్న మరమ్మతులే తప్ప కొత్తగా ఏమీ రాలేదు.

వర్షన్ నంబర్లు చూసి కూడా కంగారు పడకండి. 7.6 తర్వాత ఒక్కసారిగా 24.2 అయింది, అంటే 2024 ఫిబ్రవరి అని. ఏడాదికి రెండు వస్తాయి, ఫిబ్రవరిలో ఒకటి ఆగస్టులో ఒకటి. మరీ కొత్తగా వచ్చిన దాని కంటే రెండు మూడు మరమ్మతులు పడ్డ వర్షన్, అంటే చివర్లో .3 నో .4 నో ఉన్నది పెద్దవాళ్ళ మిషన్‌లో పెట్టడం మేలని నా అభిప్రాయం. మూడింట్లోనూ అచ్చం ఒకే వర్షన్ ఉండక్కర్లేదు.

విండోస్ సంగతి. అక్కడ దిగేది ఎంఎస్ఐ ఫైల్, అంటే విండోస్ ఇన్‌స్టాలర్, మూడొందల ఎంబీ పైనే ఉంటుంది. తెలుగు మెనూలు రాకపోవడానికి కారణం చాలా చిన్నది, విండోస్ ఇన్‌స్టాలర్‌లో అన్ని భాషలూ లోపలే ఉంటాయి, విడిగా లాంగ్వేజ్ ప్యాక్ అక్కర్లేదు, కాకపోతే మీరు టిపికల్ అని నొక్కుంటారు, అప్పుడది సిస్టమ్ ఏ భాషలో ఉందో చూసి దాని వరకే పెడుతుంది. అదే ఎంఎస్ఐ మళ్ళీ డబుల్ క్లిక్ చేస్తే మాడిఫై, రిపేర్, రిమూవ్ అని అడుగుతుంది. మాడిఫైలోకి వెళ్తే ఒక చెట్టులా లిస్టు వస్తుంది, అందులో యూజర్ ఇంటర్‌ఫేస్ లాంగ్వేజెస్ తెరిచి తెలుగు పక్కనున్న ఎర్ర ఇంటూ గుర్తు మీద నొక్కి ఇన్‌స్టాల్ అయ్యేలా మార్చండి, అలాగే ఆప్షనల్ కాంపొనెంట్స్ కింద డిక్షనరీస్‌లో కూడా తెలుగు ఉంటుంది, అదీ పెట్టుకోండి. కింద చిన్న టిక్కులు కొన్ని వస్తాయి, అందులో సిస్టమ్ మొదలైనప్పుడే లిబ్రేఆఫీస్ లోడ్ చెయ్యమంటారా అనే టిక్ తీసెయ్యండి, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి అది ఊరికే బరువు. తర్వాత ప్రోగ్రాం తెరిచి టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్, జనరల్ లోకి వెళ్ళి యూజర్ ఇంటర్‌ఫేస్ దగ్గర తెలుగు ఎంచుకుంటే, మూసి తెరిచాక మారుతుంది. పాత వర్షన్లలో ఆ పేజీ పేరు లాంగ్వేజ్ సెట్టింగ్స్, దాని కింద లాంగ్వేజెస్.

కానీ నిజం చెప్పాలంటే మెనూలు తెలుగులో పెట్టమని నేను అందరికీ చెప్పను. అనువాదం పూర్తిగా లేదు, సగం మెనూ తెలుగులో సగం ఇంగ్లీష్‌లో కనిపిస్తుంది, పైగా నాన్నగారు ఫోన్ చేసి "ఇది ఎక్కడుందిరా" అంటే అవతల మీ స్క్రీన్ ఇంగ్లీష్, ఇవతల ఆయన స్క్రీన్ తెలుగు, ఇద్దరికీ తలనొప్పి. ఆయన కోరితే సరే, లేకపోతే ఇంగ్లీష్ మెనూ ఉంచి తెలుగులో రాసుకోవడమే హాయి. మెనూ భాష వేరు, రాసే భాష వేరు, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళకి ఒక హెచ్చరిక, కొన్నిటిలో విండోస్ ఎస్ మోడ్‌లో వస్తుంది, అందులో స్టోర్ నుంచి వచ్చినవి తప్ప ఎంఎస్ఐ, ఈఎక్స్ఈ ఏదీ నడవదు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గరికెళ్ళి ఎస్ మోడ్ నుంచి ఉచితంగానే బయటికి రావచ్చు, మళ్ళీ వెనక్కి మాత్రం వెళ్ళలేరు. విండోస్ 7, 8 మీద ఇంకా నడిపిస్తున్నవాళ్ళు లిబ్రేఆఫీస్ 25.8 నుంచి పైకి పెట్టలేరు, దానికి విండోస్ 10 ఆపైనే కావాలి. ఆ 10కి కూడా మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అది వేరే బాధ.

జావా కావాలని ఏదైనా మెసేజ్ వస్తే పట్టించుకోకండి, డేటాబేస్ భాగానికీ ఇంకొన్ని మూలలకీ తప్ప వ్యాసాలు రాసుకోడానికి జావా అవసరం లేదు.

ఇక మ్యాక్. ఇక్కడ మొదట చూడాల్సింది ఏ ఫైల్ దించారనేది, ఎందుకంటే సైటులో రెండుంటాయి, ఒకటి ఇంటెల్ మ్యాక్‌లకి ఇంకోటి యాపిల్ సిలికాన్‌కి. చెల్లెలిది ఎం1 కాబట్టి యాపిల్ సిలికాన్ ఫైలే. పొరపాటున ఇంటెల్‌ది పెట్టినా రోజెటా (ఇంటెల్ ప్రోగ్రాముల్ని కొత్త చిప్ మీద నడిపించే యాపిల్ ఏర్పాటు) పుణ్యమా అని నడుస్తుంది, కాకపోతే నెమ్మదిగా, తెరుచుకోడానికి కాసేపు ఆలోచిస్తూ. ఏ మ్యాకో తెలీకపోతే యాపిల్ గుర్తు నొక్కి అబౌట్ దిస్ మ్యాక్ చూడండి, చిప్ అని ఉండి ఎం1, ఎం2 అంటే సిలికాన్, ప్రాసెసర్ అని ఉండి ఇంటెల్ అంటే పాతది.

డీఎంజీ ఫైల్ తెరిస్తే ఒక కిటికీలో లిబ్రేఆఫీస్ బొమ్మ, పక్కన అప్లికేషన్స్ ఫోల్డర్ ఉంటాయి, ఈ బొమ్మని లాగి అందులో వెయ్యాలి. చాలామంది లాగకుండా ఆ కిటికీలోనే డబుల్ క్లిక్ చేసి నడిపేసుకుంటారు, మిషన్ రీస్టార్ట్ అయ్యాక "నా లిబ్రేఆఫీస్ మాయమైంది" అంటారు. మాయమవ్వలేదు, అసలు ఎక్కలేదు. డీఎంజీ అంటే పార్సిల్ డబ్బా అనుకోండి, సామాను బయటికి తీసి ఇంట్లో పెట్టుకోవాలి, డబ్బాని ఎజెక్ట్ చేసి పారెయ్యాలి.

మీ లాంగ్వేజ్ ప్యాక్ సమస్యకి వస్తే, మ్యాక్‌లో భాషలు విండోస్‌లాగా లోపల ఉండవు, విడిగా ఇంకో డీఎంజీ. వరస ముఖ్యం: ముందు లిబ్రేఆఫీస్ అప్లికేషన్స్‌లో వేసి ఒక్కసారి తెరిచి, కమాండ్ క్యూ కొట్టి పూర్తిగా మూసెయ్యాలి, ఆ తర్వాతే ప్యాక్. ప్యాక్ డబుల్ క్లిక్ చేస్తే యాపిల్ దీన్ని తనిఖీ చెయ్యలేకపోయింది అని చెప్పి ఆపేస్తుంది. ఇదివరకు కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసి ఓపెన్ అంటే వెళ్ళిపోయేది, నెట్‌లో పాత సలహాలన్నీ అదే చెప్తాయి, కానీ 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయా నుంచి ఆ దారి మూసేశారు. ఇప్పుడు ఏం చెయ్యాలంటే, ఒకసారి డబుల్ క్లిక్ చేసి ఆ మెసేజ్ రానిచ్చి డన్ నొక్కండి (మూవ్ టు బిన్ నొక్కకండి బాబూ), వెంటనే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి అడుక్కి దిగితే ఆ ప్యాక్ పేరు కనిపించి పక్కన ఓపెన్ ఎనీవే అని ఉంటుంది, అది నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే తెరుచుకుంటుంది. ఇది అసలు సైటు నుంచి తెచ్చిన ఫైల్ కాబట్టి చెప్తున్నా, ఎక్కడి నుంచో వచ్చిన ప్రతి ఫైల్‌కీ ఓపెన్ ఎనీవే కొట్టే అలవాటు చేసుకోకండి.

ఇంకోటి, మ్యాక్‌లో కొత్త వర్షన్ వచ్చినప్పుడు పాతదాని మీదే లాగి రీప్లేస్ అంటారు కదా, ఆ భాష ఫైళ్ళు ఉండేది పాత యాప్ లోపలే కాబట్టి దాంతో పాటే పోతాయి, ప్యాక్ మళ్ళీ ఎక్కించాలి. "అప్‌డేట్ చేస్తే తెలుగు పోయింది" అనే గోల అంతా దీనివల్లే. అందుకే చెల్లెలికి కూడా ఇంగ్లీష్ మెనూనే ఉంచమనండి, అప్పుడు ప్యాకే అక్కర్లేదు. తెలుగు టైపింగ్‌కి దాంతో పనే లేదు.

ఉబుంటుకొద్దాం. 22.04 మామూలుగా ఎక్కించి ఉంటే మీ మిషన్‌లో లిబ్రేఆఫీస్ ఇప్పటికే ఉండాలండి, ఒకసారి మెనూలో రైటర్ (లిబ్రేఆఫీస్‌లో వ్యాసాలు రాసుకునే ప్రోగ్రాం) అని వెతికి చూడండి. మినిమల్ అని పెట్టి ఉంటేనే ఉండదు. (23.10 నుంచి మాత్రం డీఫాల్ట్‌గా ఎక్కేదే మినిమల్, అందుకే కొత్త ఉబుంటు పెట్టినవాళ్ళు ఆఫీస్ ఏదీ అని అడుగుతున్నారు.) లేకపోతే టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ అప్‌డేట్ (ఆప్ట్ అంటే ఏ పీ టీ, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే కమాండ్), అది అయ్యాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్రేఆఫీస్. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. తెలుగు మెనూలు కావాలంటే లిబ్రేఆఫీస్ హైఫన్ ఎల్10ఎన్ హైఫన్ టీఈ అనే ప్యాకేజీ, స్పెల్లింగ్‌కి హన్‌స్పెల్ హైఫన్ టీఈ, ఫాంట్లకి ఫాంట్స్ హైఫన్ టెలు. ఈ చివరిదాంట్లో మన పాత పోతన, వేమన ఫాంట్లు కూడా వస్తాయి.

మరి ఆ టార్ ఫైల్ ఏంటంటే, దాన్ని విప్పితే డెబ్స్ అనే ఫోల్డర్‌లో ముక్కలు ముక్కలుగా బోలెడు డెబ్ ఫైళ్ళు ఉంటాయి, అన్నీ కలిపి డీపీకేజీ కమాండ్‌తో ఎక్కించాలి. పని చేస్తుంది. కానీ అది పోయి ఓ పీ టీ అనే వేరే ఫోల్డర్‌లో కూర్చుంటుంది, ఉబుంటుతో వచ్చిన పాతదాన్ని తియ్యదు, దాంతో మిషన్‌లో రెండు లిబ్రేఆఫీస్‌లు, ఫైల్ డబుల్ క్లిక్ చేస్తే ఒకటి మెనూలోంచి తెరిస్తే ఇంకోటి, పైగా రెండూ ఒకే సెట్టింగ్స్ ఫోల్డర్ వాడతాయి కాబట్టి కొత్తది మార్చింది పాతదానికి నచ్చక ఏవో వింత ఎర్రర్లు. అప్‌డేట్లు కూడా ఆప్ట్ నుంచి రావు, ప్రతిసారీ మీరే తెచ్చుకోవాలి. అందుకే డిలీట్ చెయ్యమన్నా.

22.04 రిపాజిటరీలో ఉండేది 7.3 వర్షన్, పాతదే గానీ నాన్నగారి వ్యాసాలకి చాలు. లేదు కొత్తదే కావాలంటే ఫ్లాట్‌హబ్ అనే సైటు నుంచి ఫ్లాట్‌పాక్ (ఏ లైనక్స్‌లోనైనా ఎక్కే ప్యాకేజీ) పెట్టుకోండి, కాకపోతే అప్పుడు ఆప్ట్‌తో వచ్చినదాన్ని తీసెయ్యండి, ఒక మిషన్‌కి ఒక్కటే ఉండాలి. స్నాప్ అని ఉబుంటు వాళ్ళది ఇలాంటిదే ఇంకోటి కూడా ఉంది, నాకంత ఇష్టం లేదు, పాత హార్డ్‌డిస్క్ ఉన్న డెస్క్‌టాప్‌లో మొదటిసారి తెరుచుకోడానికి బాగా టైం తీసుకుంటుంది. ఫ్లాట్‌పాక్ అయినా స్నాప్ అయినా కొంచెం కంచె కట్టి ఉంచుతాయి, ఎప్పుడైనా పెన్‌డ్రైవ్‌లో ఫైల్ కనిపించట్లేదనో సేవ్ అవ్వట్లేదనో అనిపిస్తే ముందు ఆ పర్మిషన్లు చూడండి, పెన్‌డ్రైవ్ పాడైందని పారెయ్యకండి.

సరే ఇప్పుడు అసలు విషయం, 14 పెట్టినా తెలుగు కదలకపోవడం. ఇది ఏ సిస్టమ్‌లోనైనా ఒకటే, ఇన్‌స్టాల్‌లో లోపం కాదు, ఎన్నిసార్లు తీసి పెట్టినా పోదు. లిబ్రేఆఫీస్ ప్రతి అక్షరాన్నీ మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేస్తుంది: వెస్టర్న్ అంటే ఇంగ్లీష్ లాంటివి, ఏషియన్ అంటే చైనీస్, జపనీస్, కొరియన్ మాత్రమే, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (పొట్టిగా సీటీఎల్) అంటే మన తెలుగు, హిందీ, అరబిక్ లాంటివి. ప్రతి స్టైల్‌లోనూ ఈ మూడింటికీ విడివిడిగా ఫాంటూ సైజూ ఉంటాయి. మీరు స్టైల్ తెరిచి పైన కనిపించిన దాంట్లో 14 పెట్టారు, అది వెస్టర్న్, కాబట్టి పేరాలో ఉన్న ఇంగ్లీష్ ముక్కలూ పేజీ నంబర్లూ పెద్దవయ్యాయి, తెలుగు 12 దగ్గరే ఉంది. తెలుగు ఏషియన్‌లో ఉంటుందని ఆ గడిలో మార్చి, అయినా కదల్లేదని జుట్టు పీక్కున్నవాళ్ళని కూడా చూశా.

చెయ్యాల్సింది ఇది. ఇందాక చెప్పిన లాంగ్వేజెస్ పేజీలోనే డీఫాల్ట్ లాంగ్వేజెస్ ఫర్ డాక్యుమెంట్స్ అని ఉంటుంది, అక్కడ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ పక్కన టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. మ్యాక్‌లో ఆప్షన్స్ టూల్స్ కింద ఉండదు, లిబ్రేఆఫీస్ అనే మెనూ కింద ప్రిఫరెన్సెస్‌లో ఉంటుంది. ఆ టిక్ పెట్టాకే, అదే ఆప్షన్స్‌లో ఎడమవైపు లిబ్రేఆఫీస్ రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అని కొత్త పేజీ పుట్టుకొస్తుంది, అందులో డీఫాల్ట్ దగ్గరా హెడింగ్ దగ్గరా మీ తెలుగు ఫాంటూ సైజూ పెట్టెయ్యండి, ఇకమీదట కొత్త ఫైళ్ళన్నీ అలాగే మొదలవుతాయి. ఇప్పటికే రాసేసిన ఫైళ్ళకి ఎఫ్11 కొట్టి, స్టైల్స్‌లో డీఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ అనండి, ఫాంట్ పేజీలో కాంప్లెక్స్ అన్నది వెతికి అక్కడ 14 పెట్టండి, పాత వర్షన్లలో అది కింది భాగంలో ఉంటుంది, కొత్తవాటిలో పక్క ట్యాబ్‌లో. వందపేజీల ఫైల్ అయినా ఒక్కసారిగా మారుతుంది. కొన్ని పేరాలు మాత్రం మొండికేస్తే వాటిని ఇదివరకెప్పుడో సెలెక్ట్ చేసి చేత్తో సైజు మార్చారని అర్థం, వాటిని సెలెక్ట్ చేసి కంట్రోల్ షిఫ్ట్ ఎం కొడితే ఆ చేతిమార్పులు తుడుచుకుపోయి స్టైల్ మాట వింటాయి. బోల్డులు, ఇటాలిక్‌లు కూడా పోతాయి, చూసుకుని కొట్టండి.

ఇక మూడింట్లో ఒకేలా రావడం. నాన్నగారు విండోస్‌లో గౌతమిలోనో నిర్మలలోనో రాస్తుంటే అవి మైక్రోసాఫ్ట్ ఫాంట్లు, మ్యాక్‌లో ఉండవు, ఉబుంటులో ఉండవు, అక్కడ కోహినూర్ తెలుగో లోహితో పెట్టి చూపిస్తుంది, అక్షరం వెడల్పు మారుతుంది కాబట్టి పేజీలు జరిగిపోతాయి, నలభై పేజీల వ్యాసం నలభై మూడు అవుతుంది. అందుకని మూడింట్లోనూ ఒకటే ఉచిత ఫాంట్ పెట్టుకోండి. నా మటుకు వ్యాసాలకి మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ బాగుంటాయి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. శీర్షికలకి రామభద్ర వాడుకోవచ్చు, లోపలి మాటకి మాత్రం అది మరీ లావు. విండోస్‌లో ఫాంట్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అనండి, మ్యాక్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఫాంట్ బుక్ చూసుకుంటుంది, ఉబుంటులో కూడా డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కడమే. లిబ్రేఆఫీస్ మూసి తెరవండి, తెరిచి ఉండగా పెట్టిన ఫాంట్ లిస్టులో కనపడకపోవచ్చు. ఎవరికైనా ఫాంట్ లేని చోటికి ఫైల్ పంపాల్సొస్తే ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబ్‌లో ఎంబెడ్ అని ఉంది, అది టిక్ పెడితే ఫాంట్ ఫైల్‌తో పాటే వెళ్తుంది. మీ మూడు మిషన్ల మధ్య తిరిగే ఫైల్ ఓడీటీగానే (లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్) ఉంచండి, ప్రతిసారీ మైక్రోసాఫ్ట్ వర్డ్ వాళ్ళ డాక్ఎక్స్‌లోకి మార్చి మళ్ళీ తెరుస్తుంటే ఏదో ఒకటి చెదురుతుంది.

పాత ఫైళ్ళు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తే అవి అను ఫాంట్లలో కొట్టినవి అయ్యుంటాయి, అది యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి నంబర్ ఉండే ఇప్పటి పద్ధతి) కాదు, ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పాత డీటీపీ పద్ధతి. లిబ్రేఆఫీస్ ఏం చెయ్యలేదు, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

టైపింగ్ పెద్ద గొడవ కాదు. విండోస్ 10లో 1903 అనే నంబర్ ఉన్న అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ లోపలే ఉంది, మ్యాక్‌లో ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు ఉంటుంది, ఉబుంటులో ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టి లాగౌట్ అయి వస్తే ఇన్‌స్క్రిప్టూ ఆర్‌టీఎస్సూ (ఇంగ్లీష్ అక్షరాల ఉచ్చారణతో కొట్టేది) అనే కీబోర్డ్ పద్ధతులు రెండూ వస్తాయి. స్పెల్‌చెక్ మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి, మన భాషలో మాటకి మాట అతుక్కుని పోతుంది కదా, "వెళ్ళిపోవాల్సొచ్చిందనుకుంటా" లాంటివి డిక్షనరీకి ఎక్కడ దొరుకుతాయి, పేజీ అంతా ఎర్రగీతలే. షిఫ్ట్ ఎఫ్7 కొడితే ఆ గీతలు పోతాయి, నాన్నగారికి ముందే చూపించండి, లేకపోతే ఆయన రాసినవన్నీ తప్పులే అనుకుంటారు.

ఎప్పుడైనా తెరుచుకోకపోయినా, టూల్‌బార్లు మాయమైనా, వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ పెట్టకండి, దానివల్ల ఉపయోగం ఉండదు, ఎందుకంటే సెట్టింగ్స్ ఉండేది ప్రోగ్రాంలో కాదు మీ యూజర్ ఫోల్డర్‌లో, ప్రోగ్రాం తీసేసినా అది అలాగే ఉంటుంది, మళ్ళీ పెడితే అదే పాడైన సెట్టింగ్స్ తీసుకుంటుంది. విండోస్‌లో యాప్‌డేటా కింద రోమింగ్‌లో, మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్‌లో లిబ్రేఆఫీస్ ఫోల్డర్, దాని లోపల 4 అనే ఫోల్డర్. ఉబుంటులో హోమ్‌లో దాగి ఉండే డాట్ కాన్ఫిగ్‌లో, ఫ్లాట్‌పాక్ అయితే డాట్ వార్‌లో. వర్షన్ 25 అయినా ఆ 4 మారదు, పాత వర్షన్‌ది అనుకుని డిలీట్ చెయ్యకండి. ముందు హెల్ప్ మెనూలో రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్ కొట్టి చూడండి, అందులో బాగా పనిచేస్తే తప్పు సెట్టింగ్స్‌ది, అక్కడే రీసెట్ టు ఫ్యాక్టరీ సెట్టింగ్స్ ఉంటుంది. అంత ధైర్యం లేకపోతే ప్రోగ్రాం మూసి ఆ ఫోల్డర్ పేరు మార్చండి చాలు, కొత్తది అదే తయారుచేసుకుంటుంది, రాసిన ఫైళ్ళకి ఏం కాదు. సీటీఎల్ ఫాంటు మాత్రం మళ్ళీ పెట్టుకోవాలి.

ప్రెస్‌కి ఇచ్చేటప్పుడు ఓడీటీ ఇవ్వకండి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ చేసి అదివ్వండి, ఫాంట్ అందులోనే వెళ్తుంది కాబట్టి వాళ్ళ మిషన్‌లో మండలి ఉన్నా లేకపోయినా పర్లేదు. వాళ్ళు పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ ప్రోగ్రాంలోకి ఎక్కించాలి టెక్స్ట్ కావాలి అంటే అప్పుడు మళ్ళీ అనులోకి మార్చే పని పడుతుంది, అది వాళ్ళనే చేసుకోమనండి, ప్రూఫ్ మాత్రం మీరే చూసుకోండి, ముఖ్యంగా వత్తులు.